బ్యాటరీతో మోగే గిటారు

మీ ఇంట్లో అబ్బాయో, అమ్మాయో ఎలక్ట్రిక్ గిటారు కావాలని అడిగారనుకోండి. పరీక్ష పాసయినందుకో, పుట్టినరోజుకో కొనిచ్చారు. ఇంటికి తెచ్చి తీగ మీటితే ఏముంది? దోమ రొద పెట్టినంత చప్పుడు. పక్కగదిలో ఉన్నవాళ్లకు కూడా వినిపించదు. "ఇంత డబ్బు పోసి కొంటే మోగదేమిటి?" అని పెద్దవాళ్లు అడుగుతారు. గిటారులో లోపమేమీ లేదు. దానికి జతగా ఉండవలసిన యాంప్లిఫయర్ లేదు, అంతే.

మళ్లీ దుకాణానికి వెళతారు. అక్కడ పెద్ద పెద్ద యాంప్లిఫయర్లు ఉంటాయి. బరువు ఎక్కువ, ధర ఎక్కువ, గోడకున్న ప్లగ్గులో పెడితే తప్ప పలకవు. వాటి పక్కనే చిన్నవి కొన్ని కనిపిస్తాయి. ఒకటి టిఫిను డబ్బా అంత, ఇంకొకటి సిగరెట్ పెట్టె అంత. ఇవి బ్యాటరీతో నడుస్తాయి. ఒకదాని మీద 1 వాట్ అని, మరొకదాని మీద 5 వాట్లని, ఇంకొకదాని మీద 20 వాట్లని రాసి ఉంటుంది. ఏది తీసుకోవాలి? అంకె పెద్దదయితే మోత కూడా అంత పెద్దదవుతుందా? సెల్లు ఎన్ని గంటలు వస్తాయి? అసలివి ఆటబొమ్మలా, పనిముట్లా? డబ్బు బయటికి తీసే ముందు మీకు తెలియవలసిన సంగతులు ఇవే. వాట్ల అంకె ఒక్కటే చూసి కొంటే నష్టపోయే అవకాశం ఉంది. లోపలి స్పీకరు ఎలాంటిది, వేసే సెల్లులో శక్తి ఎంత అన్న రెండు విషయాలు తెలిస్తే ఆ అంకెలో నిజమెంతో మీరే లెక్క కట్టుకోవచ్చు.

ముందుగా గిటారుకు ఈ పెట్టె ఎందుకు అవసరమో చూద్దాం. వీణకు కుండ ఉంటుంది. మామూలు గిటారుకు బోలుగా ఉన్న చెక్క పెట్టె ఉంటుంది. తీగ కదలిక ఆ చెక్కను కదిలిస్తుంది, చెక్క గాలిని కదిలిస్తుంది, మనకు నాదం వినిపిస్తుంది. ఎలక్ట్రిక్ గిటారు చాలావరకు గట్టి చెక్క పలక. అందులో బోలుతనం లేదు కనుక గాలిని కదిలించే శక్తీ లేదు. ఆ లోటుకు బదులు ఒక లాభం ఉంది. తీగలోని శక్తి త్వరగా గాలిలో కలిసిపోదు కాబట్టి, మీటిన స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది.

తీగల కింద పికప్ అనే చిన్న అమరిక ఉంటుంది. అయస్కాంతం చుట్టూ వెంట్రుక వంటి సన్నని రాగితీగను కొన్ని వేల చుట్లు చుడతారు. పైన ఉక్కుతీగ కంపించగానే అయస్కాంత క్షేత్రం మారుతుంది, రాగి చుట్టలో చిన్న విద్యుత్తు పుడుతుంది. సైకిలు డైనమోలో విద్యుత్తు పుట్టేదీ ఇదే సూత్రం మీద. అయితే ఇక్కడ పుట్టేది వోల్టులో పదోవంతు మాత్రమే. గట్టిగా మీటితే మరికొంత. స్పీకరు కాగితాన్ని కదిలించడానికి ఆ బలం చాలదు. ఆ సన్నని సంకేతాన్ని రూపం చెడకుండా పెంచి, స్పీకరును నడిపించేంత బలం ఇచ్చేది యాంప్లిఫయర్.

"మా ఇంట్లో టేప్‌రికార్డరు ఉంది, మ్యూజిక్ సిస్టమ్ ఉంది. దానికి తగిలిస్తే సరిపోదా?" అని మీరు అడగవచ్చు. తగిలిస్తే శబ్దం వస్తుంది గాని మూగగా, పైస్వరాల మెరుపు పోయి వస్తుంది. కారణం ఇది. పికప్‌లోని వేల చుట్ల తీగ తనంతట తాను ఎక్కువ కరెంటు ఇవ్వలేదు. దాని నుంచి అతి తక్కువ కరెంటు తీసుకునే ద్వారం కావాలి. గిటారు యాంప్లిఫయర్ల ద్వారానికి సాధారణంగా 10 లక్షల ఓములు, అంటే ఒక మెగోము నిరోధం ఉంటుంది. ఇంట్లోని మ్యూజిక్ సిస్టమ్ ద్వారానికి మామూలుగా 10 వేల నుంచి 50 వేల ఓములే. నీరసంగా ఉన్న మనిషి నెత్తిన బస్తా పెట్టినట్లు, ఆ ద్వారం పికప్‌ను అణిచివేస్తుంది. అందుకే గిటారుకు గిటారు యాంప్లిఫయరే కావాలి. అది ఎంత చిన్నదైనా ఫరవాలేదు.

ఎలక్ట్రిక్ గిటారు అమెరికాలో 1930ల మొదట్లో అమ్మకానికి వచ్చింది. ఆనాటి యాంప్లిఫయర్లు వాల్వులతో చేసినవి. మన పాత రేడియోల్లో ఎర్రగా వెలిగే గాజుబుడ్లు మీలో కొందరికి గుర్తుండే ఉంటాయి. ఆ బుడ్డి లోపలి తీగ వేడెక్కితేనే వాల్వు పనిచేస్తుంది. గిటారు యాంప్లిఫయర్లలో ఎక్కువగా వాడే 12 ఏ.ఎక్స్. 7 అనే చిన్న వాల్వుకు ఆ వేడి కోసమే దాదాపు 2 వాట్లు కావాలి. ఇ.ఎల్. 84 అనే మరొక వాల్వుకు దాదాపు 5 వాట్లు కావాలి. అంటే ఒక్క స్వరం పలకకముందే 7 వాట్లు పొయ్యి రాజేయడానికే ఖర్చు. సెల్లుతో అది గిట్టుబాటు కాదు. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో ట్రాన్సిస్టరు పుట్టింది. దానికి వేడి అక్కరలేదు, అధిక వోల్టేజీ అక్కరలేదు. చేతిలో పట్టుకుపోయే రేడియో ఎలా సాధ్యమయిందో, చేతిలో పట్టుకుపోయే గిటారు యాంప్లిఫయరూ అలాగే సాధ్యమయింది.

ఈ చిన్న యాంప్లిఫయర్లలో బాగా పేరు తెచ్చుకున్నది 1973లో అమెరికాలో బజారుకు వచ్చిన పిగ్‌నోజ్. ఆ పేరుకు పందిముక్కు అని అర్థం. ముందువైపు ఉన్న ఒకే ఒక మర పందిముక్కు ఆకారంలో ఉంటుంది. మోత పెంచడానికీ, ఆన్ చేసి ఆఫ్ చేయడానికీ అదొక్కటే. లోపల 5 అంగుళాల స్పీకరు, ఆరు పెన్సిల్ సెల్లు, శక్తి 5 వాట్లు. పెట్టెకు బందులు ఉంటాయి, పుస్తకంలా తెరవవచ్చు. తెరిచిన కొద్దీ శబ్దం తీరు మారుతుంది. దీన్ని రూపొందించిన ఇద్దరిలో ఒకరు రిచర్డ్ ఎడ్లండ్. ఆయన తరువాత సినిమా రంగంలో 1977 నాటి స్టార్ వార్స్ చిత్రానికి దృశ్య మాయాజాలం చేసిన బృందంలో పనిచేసి ఆస్కార్ బహుమతి అందుకున్నారు. హోటలు గదిలోనో, ప్రయాణంలోనో సాధన చేసుకోవడానికని చేసిన ఈ పెట్టెను పేరున్న సంగీతకారులు రికార్డింగు స్టూడియోలకు కూడా తీసుకుపోయారు. చిన్న పెట్టె ముందు మైకు పెడితే, వినేవారికి అది ఎంత చిన్నదో తెలియదు కదా!

ఇంకా చిన్నవాటి సంగతి చూద్దాం. సిగరెట్ పెట్టె అంత యాంప్లిఫయర్లలో చాలావాటికి గుండెకాయ ఒక చిన్న ఐ.సి. ముక్క. దాని పేరు ఎల్.ఎం. 386. అమెరికాలోని నేషనల్ సెమికండక్టర్ సంస్థ తయారు చేసింది. ఆ సంస్థ 2011లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో కలిసిపోయింది. ఎనిమిది కాళ్లున్న ఈ ముక్క మామూలు రకమైతే 4 వోల్టుల నుంచి 12 వోల్టుల దాకా పనిచేస్తుంది. ఏమీ మోగనప్పుడు అది వాడుకునే కరెంటు వెయ్యి భాగాలు చేసిన ఆంపియరులో నాలుగు భాగాలే. వచ్చిన సంకేతాన్ని 20 రెట్లు పెంచుతుంది. ఒకటో కాలికీ ఎనిమిదో కాలికీ మధ్య 10 మైక్రోఫారడ్ కండెన్సరు పెడితే 200 రెట్లు పెంచుతుంది. 9 వోల్టుల బ్యాటరీతో సుమారు అర వాటు శక్తి ఇస్తుంది. చెన్నై రిచీ స్ట్రీట్‌లో, బెంగళూరు ఎస్.పి. రోడ్డులో, ముంబయి లామింగ్టన్ రోడ్డులో విడిభాగాల దుకాణాలున్నాయి. సోల్డరింగ్ వచ్చిన విద్యార్థి ఎవరైనా అక్కడ నాలుగు ముక్కలు కొనుక్కొని ఒక ఆదివారం పూట ఇలాంటి యాంప్లిఫయరు చేసుకోవచ్చు. ఎలక్ట్రానిక్స్ నేర్చుకోవడానికి ఇంతకంటే సరదా అయిన పాఠం దొరకదు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. వాట్ల అంకెకూ, చెవికి వినిపించే మోతకూ సంబంధం ఏమిటి? మన చెవి లెక్క వేరు. వాట్లు రెట్టింపు చేస్తే మోత రెట్టింపు కాదు, 3 డెసిబెల్‌లు మాత్రమే పెరుగుతుంది. అది "కాస్త పెరిగినట్టుంది" అనిపించేంత తేడా. మోత రెండింతలు అయిందని చెవికి అనిపించాలంటే శక్తి సుమారు పది రెట్లు కావాలి. అంటే 1 వాట్‌కూ 2 వాట్‌లకూ ఉన్న తేడా కోసం ఎక్కువ డబ్బు పెట్టడం దండగ.

స్పీకరు తేడా ఇంతకంటే చాలా పెద్దది. ప్రతి స్పీకరుకూ ఒక కొలత ఉంటుంది. ఒక వాట్ శక్తి ఇచ్చి, ఒక మీటరు దూరంలో నిలబడి కొలిస్తే ఎన్ని డెసిబెల్‌లు వస్తాయన్నది ఆ కొలత. మూడు అంగుళాల చిన్న స్పీకరుకు అది సుమారు 85 ఉంటే, గిటారు కోసమే చేసిన 12 అంగుళాల మంచి స్పీకరుకు సుమారు 98 ఉంటుంది. తేడా 13 డెసిబెల్‌లు. ఆ తేడాను శక్తితో పూడ్చాలంటే 20 రెట్లు శక్తి కావాలి. మరొక విధంగా చెప్పాలంటే, మంచి పెద్ద స్పీకరుకు 1 వాట్ ఇచ్చినా, చిన్న స్పీకరుకు 20 వాట్లు ఇచ్చినా మోత ఇంచుమించు ఒకటే. అసలు 20 వాట్లను ఆ చిన్న స్పీకరు తట్టుకుంటుందా అన్నది మరొక ప్రశ్న. కనుక దుకాణంలో మొదట అడగవలసింది "ఎన్ని వాట్లు?" అని కాదు, "లోపలి స్పీకరు ఎన్ని అంగుళాలు?" అని. చిన్న యాంప్లిఫయర్లు కొన్నింటికి వెనక వైపు బయటి స్పీకరు తగిలించుకునే సౌకర్యం ఉంటుంది. అది ఉంటే, ఎక్కడైనా పెద్ద స్పీకరు పెట్టె దొరికినప్పుడు మీ అర వాటు యాంప్లిఫయరు కూడా మిమ్మల్ని ఆశ్చర్యపరుస్తుంది.

చిన్న స్పీకరుకు మరొక పరిమితి ఉంది. గిటారులో అన్నిటికంటే కింది తీగ సెకనుకు 82 సార్లు కంపిస్తుంది. మూడు అంగుళాల స్పీకరు అంత మంద్రస్వరాన్ని బలంగా పలికించలేదు. అయినా ఆ స్వరం మనకు తెలుస్తుంది. ఎందుకంటే ఆ స్వరంతోపాటు పుట్టే రెండింతల, మూడింతల కంపనాలను విని, లోపించిన మొదటి కంపనాన్ని మన మెదడు పూరించుకుంటుంది. శ్రుతి తెలుస్తుంది గాని నిండుదనం ఉండదు. బేస్ గిటారు కింది తీగ ఇందులో సగం, అంటే సెకనుకు 41 సార్లే కంపిస్తుంది. అందుచేత బేస్ గిటారు నేర్చుకునేవారికి ఈ చిన్నపెట్టెలు పనికిరావనే చెప్పాలి. వారు హెడ్‌ఫోనుతో వినడం మేలు.

మరి ఈ చిన్న యాంప్లిఫయరు ఎక్కడి దాకా సరిపోతుంది? మామూలు సంభాషణ మీటరు దూరంలో సుమారు 60 డెసిబెల్‌లు. చిన్న యాంప్లిఫయరు 85 దాకా ఇస్తుంది. గదికి అది చాలు, ఒక్కోసారి ఎక్కువే. కాని ఆరుబయట దూరం రెట్టింపయిన ప్రతిసారీ 6 డెసిబెల్‌లు తగ్గుతాయి. ఎనిమిది మీటర్ల దూరంలో 85 కాస్తా 67 అవుతుంది. బస్సులూ, ఆటోలూ తిరిగే వీధిలో అది కలిసిపోతుంది. డ్రమ్ములు, డప్పు, తవిలు వంటి వాద్యాల పక్కన అసలే నిలవదు. ఇంట్లో సాధనకు, నలుగురు కూర్చున్న చోట పాటకు, వరండాలో, మేడ మీద, పిక్నిక్కులో ఇది హాయిగా సరిపోతుంది. వేదిక మీద కచేరీకి సరిపోదు. ఈ సంగతి కొనేముందే తెలిస్తే నిరాశ ఉండదు.

ఇప్పుడు సెల్లు లెక్క. ఇది కిరాణా లెక్క కంటే కష్టం కాదు. సెల్లులో దాగిన శక్తిని వాట్-గంటల్లో కొలుస్తారు. వోల్టులను ఆంపియర్-గంటలతో హెచ్చవేస్తే అదే వాట్-గంటలు. సెల్లు మీద మిల్లీఆంపియర్-గంటలని ఉంటే వెయ్యితో భాగించండి. 9 వోల్టుల చదరపు ఆల్కలైన్ బ్యాటరీలో సుమారు 500 మిల్లీఆంపియర్-గంటలు ఉంటాయి. అంటే 9ని అరతో హెచ్చవేయాలి, నాలుగున్నర వాట్-గంటలు. పెన్సిల్ సెల్లు ఆల్కలైన్ రకమైతే ఒక్కొక్కదానిలో మూడు వాట్-గంటలకు పైగా ఉంటాయి. ఆరు వేస్తే 18 నుంచి 20 దాకా. చూడడానికి గట్టిగా కనిపించే ఆ చదరపు బ్యాటరీ కంటే ఆరు పెన్సిల్ సెల్లలో నాలుగు రెట్లు శక్తి ఉందన్నమాట. వోల్టులు మాత్రం రెంటికీ 9. చదరపు బ్యాటరీ లోపల ఉన్నది ఆరు బుల్లి సెల్లే కనుక ఇందులో వింత లేదు.

ఈ లెక్కను ఒక నిజమైన యంత్రంతో సరిచూద్దాం. జపాను సంస్థ రోలాండ్ వారి మైక్రో క్యూబ్ జి.ఎక్స్. అనే యాంప్లిఫయరుకు 5 అంగుళాల స్పీకరు, 3 వాట్ల శక్తి, ఆరు పెన్సిల్ సెల్లు. ఆల్కలైన్ సెల్లతో సుమారు 25 గంటలు నడుస్తుందని తయారీదారులు చెబుతారు. 20 వాట్-గంటలను 25 గంటలతో భాగిస్తే గంటకు సగటున ఒక వాట్ కంటే కొంచెం తక్కువ. 3 వాట్ల యంత్రం ఒక వాట్‌తో ఎలా నడిచింది? సంగీతంలో గట్టిగా మీటే క్షణాలు కొన్నే, మిగతా సమయమంతా మెత్తని స్వరాలూ విరామాలూ కనుక. ఈ లెక్క నమ్మదగినదే.

ఇప్పుడు మరొకటి చూడండి. ఒక పెట్టె మీద 20 వాట్లని రాసి, లోపల 3.7 వోల్టుల, 2000 మిల్లీఆంపియర్-గంటల లిథియం బ్యాటరీ ఉందనుకోండి. దానిలోని శక్తి 7.4 వాట్-గంటలు. నిజంగా 20 వాట్లూ ఇస్తూ పోతే 22 నిమిషాల్లో బ్యాటరీ ఖాళీ. దుకాణదారు "ఆరు గంటలు వస్తుంది" అంటే అది మెల్లగా వాయించినప్పటి మాట, లేదా ఆ 20 అన్నది రెప్పపాటు కాలం మాత్రమే ఇవ్వగల శక్తి. రెండింటిలో ఏదైనా కావచ్చు. 20 వాట్లూ, ఆరు గంటలూ కలిసి మాత్రం నిజం కావు. ఈ ఒక్క భాగహారం చేస్తే చాలు, చాలా ప్రకటనల గుట్టు బయటపడుతుంది.

సెల్లలోనూ రకాలున్నాయి. చౌకగా దొరికే మామూలు జింకు-కార్బన్ సెల్లు గోడగడియారానికి సరిపోతాయి. యాంప్లిఫయరు ఒక్కసారిగా కరెంటు లాగితే అవి చతికిలపడతాయి. రోజూ సాధన చేసేవారు తిరిగి చార్జి చేసుకునే నికెల్ రకం సెల్లు వాడడం లాభం. కొన్ని వందలసార్లు చార్జి చేయవచ్చు. వాటి వోల్టేజీ ఒక్కొక్కదానికి 1.2 మాత్రమే, ఆరు వేసినా 7.2 వోల్టులే. దానివల్ల గరిష్ఠ మోత 2 డెసిబెల్‌లు తగ్గుతుంది. అది చెవికి పెద్ద లోటు కాదు. కొత్త సెల్లతో పాతవి కలపకండి. నెలరోజులు వాయించకపోతే సెల్లు తీసి పక్కన పెట్టండి. లోపలే ఉంచితే కారిన రసం స్ప్రింగులను తినేస్తుంది. ఉబ్బిన లిథియం బ్యాటరీని ఇక చార్జి చేయకూడదు.

సెల్లు అయిపోవస్తున్నప్పుడు గిటారు శబ్దం బొంగురు పోవడం మీరు గమనిస్తారు. 9 వోల్టుల బ్యాటరీ ఉన్న యంత్రం ఆ హద్దును దాటి అలను పెంచలేదు. అల పైభాగం, కిందిభాగం కత్తిరించినట్టు చదునైపోతాయి. సెల్లు నీరసించిన కొద్దీ ఆ కత్తిరింపు ముందుగానే వస్తుంది. రాక్ సంగీతం వాయించేవారికి ఆ గరగర కావలసిందే, దాని కోసమే మరను పూర్తిగా తిప్పుతారు. మన సంగీతానికి ఇది పడదు. మాండొలిన్ శ్రీనివాస్ గారిని గుర్తుచేసుకోండి. 1969లో పాలకొల్లులో పుట్టి, చెన్నైలో స్థిరపడి, 2014లో కన్నుమూసే దాకా ఆయన వాయించినది ఎలక్ట్రిక్ మాండొలిన్. మామూలు మాండొలిన్‌లో జంటలుగా ఎనిమిది తీగలుంటాయి, మీటిన స్వరం వెంటనే ఆరిపోతుంది. ఆయన అయిదు ఒంటితీగల ఎలక్ట్రిక్ వాద్యం మీద గమకాలు పలికించారు. సన్నని స్వరం నిలిచి, దాని ఊగు చివరిదాకా వినిపించాలంటే యాంప్లిఫయరు శుభ్రంగా ఉండాలి. కనుక మాండొలిన్‌కో, కాంటాక్ట్ మైకు అంటించిన వీణకో చిన్న యాంప్లిఫయరు వాడాలనుకునేవారు, ఎక్కువ వాట్లున్నది తీసుకొని తక్కువ మోతలో వాయించాలి. ఎక్కువ వాట్లు నిజంగా ఉపయోగపడేది ఇక్కడే. మోత కోసం కాదు, అల విరగకుండా ఉండడం కోసం.

ఇంతవరకు డబ్బు, నాదం సంగతి చెప్పుకున్నాం. ఇప్పుడు చెప్పబోయేది ప్రాణం సంగతి. దయచేసి శ్రద్ధగా చదవండి.

ఎలక్ట్రిక్ గిటారు తీగలు, రొద రాకుండా ఉండడానికి, లోపల ఒక వైరు ద్వారా యాంప్లిఫయరు లోహపు చట్రానికి కలిపి ఉంటాయి. గోడ కరెంటుతో నడిచే యాంప్లిఫయరులో ఆ చట్రం త్రీపిన్ ప్లగ్గులోని ఎర్తు ద్వారా భూమికి కలవాలి. అలా ఉన్నంతవరకు భయం లేదు. మన పాత ఇళ్లలో చాలాచోట్ల గోడకు మూడు రంధ్రాలుంటాయి గాని మూడోదానికి వెనక వైరు ఉండదు. కొందరు మూడో పిన్నును విరగ్గొట్టి రెండు రంధ్రాల సాకెట్టులో దూర్చేస్తారు. అలాంటి చోట యాంప్లిఫయరు లోపల వైరు ఊడి చట్రానికి తగిలితే, గిటారు తీగలన్నీ కరెంటు తీగలవుతాయి. వాటిని పట్టుకున్న మనిషి మరో చేత్తో మైకునో, కుళాయినో ముట్టుకుంటే చాలు. 1972 మే నెలలో బ్రిటనులోని స్వాన్సీలో లెస్లీ హార్వే అనే గిటారు కళాకారుడు వేదిక మీదే, ఎర్తు సరిగా లేని మైకు ముట్టుకొని చనిపోయారు. 1976 మే నెలలో కీత్ రెల్ఫ్ అనే మరో బ్రిటిషు సంగీతకారుడు తన ఇంట్లోనే గిటారు వాయిస్తూ కరెంటు తగిలి చనిపోయారు.

సెల్లతో మాత్రమే నడిచే యాంప్లిఫయరుకు గోడ కరెంటుతో సంబంధమే లేదు. దానిలో ఉన్న 9 వోల్టులు మనిషిని ఏమీ చేయవు. ఎర్తు సరిగా లేని అద్దె ఇంట్లో, తడి నేల మీద, తాత్కాలికంగా వైర్లు లాగిన పందిట్లో పిల్లవాడు గిటారు పట్టుకున్నాడంటే, సెల్లు వేసిన చిన్న పెట్టె అతనికి రక్షణ. అయితే ఒక హెచ్చరిక. చార్జరు గోడకు పెట్టి ఉంచి వాయించినా, యాంప్లిఫయరు నుంచి వైరు లాగి పెద్ద మైకుసెట్టుకు కలిపినా ఈ రక్షణ పోతుంది. మళ్లీ గోడ కరెంటుతో బంధం ఏర్పడినట్లే. నాసిరకం చార్జరు అయితే మరీ ప్రమాదం. చార్జి చేయడం వేరు, వాయించడం వేరు అని ఇంట్లో నియమం పెట్టుకోండి. పెద్ద యాంప్లిఫయరు వాడక తప్పని రోజున ముందుగా ఎలక్ట్రీషియను చేత ఎర్తు పరీక్ష చేయించండి.

అడాప్టరు విషయంలో మరో చిన్న జాగ్రత్త. గిటారు పరికరాలకు వాడే 9 వోల్టుల అడాప్టర్లలో చాలావాటికి పిన్ను మధ్యభాగం నెగెటివ్. ఇంట్లోని ఇతర వస్తువుల అడాప్టర్లలో ఎక్కువవాటికి మధ్యభాగం పాజిటివ్. పిన్ను సరిపోయింది కదా అని పెడితే యాంప్లిఫయరు కాలిపోవచ్చు. రెంటి మీదా ఉన్న గుర్తులు ఒకేలా ఉన్నాయేమో చూసి పెట్టండి.

చెవుల గురించి కూడా ఒక మాట. ఈ పెట్టెలన్నిటికీ కాకపోయినా చాలావాటికి హెడ్‌ఫోను రంధ్రం ఉంటుంది. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో, అపార్టుమెంట్లలో రాత్రిపూట సాధనకు ఇది వరం. స్పీకరే లేకుండా, గిటారుకు నేరుగా గుచ్చుకొని హెడ్‌ఫోనుకే వినిపించే చిన్న యంత్రాలు కూడా ఉన్నాయి. వాక్స్ సంస్థ వారి యాంప్లగ్ అలాంటిదే. కాని చెవి పక్కనే మోగేది కాబట్టి మోత మరచిపోతాం. పెద్దవాళ్లు వారానికి 40 గంటలకు మించకుండా 80 డెసిబెల్‌ల మోత వినవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మోత పెరిగిన కొద్దీ ఆ గంటలు వేగంగా తగ్గిపోతాయి. హెడ్‌ఫోను పెట్టుకున్నప్పుడు పక్కన ఉన్నవారు పిలిస్తే వినిపించేంత మోతలో వాయించడం మంచి కొలత.

చివరగా, దుకాణానికి వెళ్లేటప్పుడు ఏం చేయాలో ఒకసారి గుర్తు చేసుకుందాం. మీ గిటారు మీరే తీసుకువెళ్లండి. దుకాణంలో ఉన్న ఖరీదైన గిటారుతో విని మోసపోకండి. స్పీకరు ఎన్ని అంగుళాలో అడగండి, అయిదు అంగుళాలు ఉంటే ఇంటికి హాయిగా ఉంటుంది. సెల్లు బజారులో దొరికే రకమా, లేక లోపల బిగించేసిన బ్యాటరీనా అని చూడండి. బిగించినదైతే రెండు మూడేళ్ల తరువాత దాన్ని ఎవరు మారుస్తారో అడిగి తెలుసుకోండి. వోల్టులను ఆంపియర్-గంటలతో హెచ్చవేసి, వాళ్లు చెప్పే గంటలు నిజమేనా అని లెక్క చూడండి. హెడ్‌ఫోను రంధ్రం ఉందా, బయటి స్పీకరు తగిలించవచ్చా అన్నవీ చూడండి. మర సగం మాత్రమే తిప్పి ఒక స్వరం మీటి, అది ఆరిపోయే దాకా ఆగి వినండి. సన్నగా, శుభ్రంగా ఆరిపోతే మంచి పెట్టె. చివర్లో చిటపటమంటే వద్దనుకోండి.

ఇలా చూసి తెచ్చిన పెట్టె పెద్దదేమీ కానక్కరలేదు. కరెంటు పోయిన సాయంత్రం మేడ మీద కూర్చున్నప్పుడు, ఊరంతా చీకటిగా ఉన్నా, ఆరు సెల్లు మీ పిల్లవాడి సాధన ఆగకుండా చూస్తాయి. ఆ పక్కనే కూర్చుని వినే మీకు, తీగ ముట్టుకుంటే ఏమవుతుందోనన్న భయం ఉండదు.